రేటు తగ్గదు, అమ్ముడూ పోదు

బెంగళూరులో నలుగురు తెలుగువాళ్లు కూర్చుని ఇళ్ల ధరల గురించి మాట్లాడుకుంటే ఈ మాట తప్పకుండా వస్తుంది: "అమెరికాలో పడ్డాయి, చైనాలో పడ్డాయి, మన దగ్గర ఎప్పుడన్నా పడ్డాయా?" సర్జాపూర్ రోడ్డులో ఫ్లాటు బుక్ చేసినవాళ్లది, దేవనహళ్లి దాటాక ప్లాటు కొన్నవాళ్లది, అనంతపురంలో అమ్మానాన్నలు పొలం అమ్మి పంపిన డబ్బుతో డౌన్ పేమెంటు కట్టినవాళ్లది అందరిదీ ఇదే ధీమా. అందులో సగం నిజమే. మన దగ్గర బోర్డు మీది రేటు పడదు. నా వాదనల్లా ఒక్కటే: ఆ పడకపోవడమే మన జబ్బు. వేరే దేశాల్లో బుడగ పగిలితే నష్టం ధరలో కనిపిస్తుంది. మన దగ్గర అది కాలంలో కనిపిస్తుంది. ఆరేళ్లు కదలని ధర, ఏడేళ్లు పూర్తికాని టవరు, అమ్ముదామంటే రాని బేరం. లెక్కపుస్తకంలో ఎక్కడా ఎర్రసిరా పడదు కాబట్టి నష్టం రాలేదనుకుంటాం.

ముందు బుడగ ఉందా లేదా అని చూసే లెక్క. "బాగా పెరిగింది" అన్నంత మాత్రాన బుడగ అయిపోదు. ఊరు పెరిగితే ధర పెరుగుతుంది. ఆ ఇంటికి వచ్చే అద్దె ఆ ధరను మోస్తోందా అన్నదే అసలు పరీక్ష. కోటీ 20 లక్షల రూపాయల టూ బీహెచ్‌కే తీసుకుందాం. 1,200 చదరపు అడుగులు, ఓసీ (కట్టడం పూర్తయింది, చేరవచ్చు అన్న పత్రం) వచ్చేసింది కాబట్టి జీఎస్టీ లేదు. మెయింటెనెన్స్‌తో కలిపి నెలకు 38,000 అద్దె అనుకుందాం. ఏడాదికి 4,56,000. దీంట్లో అడుగుకు 4 రూపాయల చొప్పున మెయింటెనెన్స్ 57,600 పోతుంది. ఒకరు ఖాళీ చేసి మరొకరు చేరేలోపు ఒక నెల అద్దె, ఆస్తి పన్ను, పెయింటు, ప్లంబింగు తీసేస్తే చేతికి మిగిలేది 3 లక్షల 30 వేల చిల్లర. కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ, సెస్సు, సర్‌చార్జి కలిపి 5.6 శాతం. దానికి తోడు 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజు 1 నుంచి 2 శాతానికి పెరిగింది. మొత్తం 7.6 శాతం, అంటే 9 లక్షల 12 వేలు. ఇదంతా కలిపి చూస్తే నికర రాబడి రెండున్నర శాతం.

ఇప్పుడు అప్పు వైపు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 75 లక్షలు దాటిన గృహరుణానికి బ్యాంకు ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదు. కాబట్టి అప్పు 90 లక్షలు. మిగతా 30 లక్షలు, రిజిస్ట్రేషన్ 9 లక్షలు సొంతంగా తేవాలి. 8.5 శాతం వడ్డీ మీద ఇరవై ఏళ్లకు ఈఎంఐ 78,000 దాటుతుంది. మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే 7 లక్షల 60 వేల దాకా ఉంటుంది. అద్దె తీసేస్తే లోటు 4 లక్షల 30 వేలు. సొంతంగా పెట్టిన 39 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 శాతానికి పడి ఉన్నా 2 లక్షల 70 వేలు వచ్చేది. రెండూ కలిపితే ఏడాదికి 7 లక్షలు. అంటే ఇంటి ధర ఏటా 6 శాతం పెరిగితేనే కొన్నవాడు ఉన్నచోట ఉంటాడు. లాభం సంగతి ఆ తర్వాత. ధర ఆరేళ్లు కదలకపోతే, మధ్యలో అద్దె కాస్త పెరిగి వడ్డీ కాస్త తగ్గినా, 30 నుంచి 40 లక్షల మధ్య ఆవిరైపోతుంది. అమ్మేటప్పుడు మాత్రం "కొన్న రేటుకే అమ్మాం, నష్టం లేదు" అంటారు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2014 నుంచి 2020 దాకా దేశంలోని చాలా పెద్ద నగరాల్లో ఇళ్ల ధరలు దాదాపు కదల్లేదు. ఢిల్లీ చుట్టుపక్కల తగ్గాయి, బెంగళూరులో కాస్త మెరుగు. ఏటా 5 శాతం ద్రవ్యోల్బణం వేసుకుంటే ఆరేళ్లు నిలబడిపోయిన ధర అసలు విలువలో 25 శాతం పడినట్టు. అమెరికాలో 2006 నుంచి 2012 దాకా ఇళ్ల ధరలు సగటున నాలుగో వంతుకు కాస్త ఎక్కువగా పడ్డాయి. దాన్ని ప్రపంచ సంక్షోభం అన్నారు. మన నాలుగో వంతుకు పేరు కూడా పెట్టలేదు.

మరి బిల్డరు రేటు ఎందుకు తగ్గించడు? సరుకు అమ్ముడుపోకపోతే కూరగాయల బండివాడే సాయంత్రానికి ధర దించుతాడు. బిల్డరు చేతిని మూడు ముళ్లు కట్టేస్తాయి.

మొదటిది అప్పిచ్చినవాడి లెక్క. ప్రైవేటు బిల్డర్లకు స్థలం కొనడానికి బ్యాంకులు అప్పివ్వడాన్ని రిజర్వు బ్యాంకు అనుమతించదు. అందుకని స్థలం డబ్బు ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకులు కాని అప్పుల కంపెనీల) నుంచి, ప్రైవేటు ఫండ్ల నుంచి బ్యాంకు వడ్డీ కంటే బాగా ఎక్కువ రేటుకు వస్తుంది. వాళ్లు అమ్ముడుపోని ఫ్లాట్లను తాకట్టు పెట్టుకుంటారు. అప్పుకు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో తాకట్టు విలువ ఎప్పుడూ ఉండాలని ఒప్పందంలో రాసుకుంటారు. బిల్డరు ఒక్క ఫ్లాటును అడుగుకు వెయ్యి తక్కువకు రిజిస్టరు చేస్తే చాలు, వాల్యుయేషన్ చేసేవాడు మిగతా రెండొందల ఫ్లాట్లకూ అదే రేటు వేస్తాడు. తాకట్టు చాలదు. అదనపు ఆస్తి చూపించమంటారు, లేదా అప్పు వెనక్కి కట్టమంటారు.

రెండోది పాత కొనుగోలుదార్లు. ఎక్కువ రేటుకు ముందే కొన్నవాళ్లు గొడవకు దిగుతారని అందరికీ తెలిసిందే; వాట్సాప్ గ్రూపు ఉండగా రేటు తగ్గించి బతికినవాడు లేడు.

మూడోది ప్రభుత్వమే వేసిన ముడి, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. గైడెన్స్ విలువ అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించిన కనీస విలువ. దాని కంటే 10 శాతానికి మించి తక్కువకు అమ్మితే, ఆదాయపు పన్ను లెక్కలో బిల్డరు గైడెన్స్ విలువకే అమ్మినట్టు పన్ను కట్టాలి. కొన్నవాడికి ఆ తేడా ఆదాయం కింద పడుతుంది. ఇద్దరికీ దెబ్బే. నల్లడబ్బును ఆపడానికి పెట్టిన నియమం ఇది, ఉద్దేశం మంచిదే. మార్కెట్ రేటు గైడెన్స్ కంటే ఎత్తులో ఉన్నంతకాలం ఎవరికీ తగలదు. కర్ణాటక 2023 అక్టోబరు 1 నుంచి గైడెన్స్ విలువలు పెంచింది. అలా పెంచిన ప్రతిసారీ ఆ ఎడం తగ్గుతుంది. మార్కెట్ కిందికి రావాల్సిన రోజున ఈ నియమం నేల కింద గచ్చులా అడ్డం పడుతుంది. కేంద్రానికి ఈ సంగతి తెలియక కాదు. 2020 నవంబరులో, 2 కోట్ల లోపు కొత్త ఇళ్లను బిల్డరు మొదటిసారి అమ్మేటప్పుడు ఆ 10 శాతాన్ని 20కి పెంచింది, 2021 జూన్ 30 దాకా. ధర దిగితేనే సరుకు కదులుతుందని ఒప్పుకున్నట్టే కదా. గడువు తీరగానే మళ్లీ పాత ముడి. అదే 2020లో మహారాష్ట్ర సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా స్టాంపు డ్యూటీని 5 నుంచి 2 శాతానికి దించితే ముంబైలో రిజిస్ట్రేషన్లు ఒక్కసారిగా ఎగబాకాయి. మూడు శాతం తగ్గింపుకే అంత కదలిక వచ్చింది.

కాబట్టి తగ్గింపు దొడ్డిదారిన వస్తుంది. కాస్ట్ షీటు చేతికిస్తే కింది నుంచి పైకి చదవండి. పైన బేస్ రేటు, దాని కింద ఫ్లోర్ రైజు (పై అంతస్తుకు అదనం), పార్కు వైపు ఉన్నందుకు అదనం, కారు పార్కింగు, క్లబ్ హౌసు, కరెంటు-నీళ్ల చార్జీలు, లీగల్ చార్జీలు, 24 నెలల మెయింటెనెన్స్ ముందస్తు, కార్పస్ ఫండ్, చివర జీఎస్టీ. మార్కెట్ వేడిగా ఉన్నప్పుడు కింది వరసల్లో ఒక్కటీ వదలరు. చల్లబడటం మొదలయ్యాక బేస్ రేటు అంగుళం కదలదు గానీ కింది వరసలు ఒక్కొక్కటే రాలిపోతాయి: ఫ్లోర్ రైజు ఉచితం, జీఎస్టీ మేమే కడతాం, మాడ్యులర్ కిచెన్ ఇస్తాం, రెండేళ్లు అద్దె గ్యారంటీ. చివరి మెట్టు "ఇప్పుడు పది శాతం కట్టండి, మిగతాది తాళాలిచ్చేటప్పుడు". ఇవన్నీ కలిపితే 10, 12 శాతం తగ్గింపు అవుతుంది. రిజిస్ట్రారు ఆఫీసులో మాత్రం పూర్తి రేటే నమోదవుతుంది. ఆ లెక్కలు చూసి మనం ధరలు నిలకడగా ఉన్నాయని రాసుకుంటాం.

ఆ చివరి మెట్టు గురించి కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది మునిగింది అక్కడే. మిగతాదానికి బ్యాంకు లోను, తాళాలిచ్చేదాకా దాని ఈఎంఐ బిల్డరు కడతాడన్నది పథకం. కానీ అప్పు కొన్నవాడి పేరు మీద ఉంటుంది. బ్యాంకు పని జరగకముందే డబ్బులో పెద్ద భాగం బిల్డరుకు ఇచ్చేస్తుంది. బిల్డరుకు ఇది గృహరుణపు వడ్డీకి దొరికిన నిర్మాణ రుణం. అతను ఆగిపోతే ఈఎంఐ కట్ అయ్యేది కొన్నవాడి జీతంలోంచి, పాడయ్యేది అతని సిబిల్ స్కోరు. కట్టుబడి ఏ దశకు వస్తే అంతే ఇవ్వమని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఇలాంటి పథకాలు మానుకోమని నేషనల్ హౌసింగ్ బ్యాంకు చెప్పింది 2019 జూలైలో. మధ్యలో దాదాపు ఆరేళ్లు తలుపు తెరిచే ఉంది.

ఇక దేశానికి ఏమవుతుంది అన్న సంగతి. 2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చేతులెత్తేసినప్పుడు దాని అప్పు 90,000 కోట్లకు పైమాటే. అది రోడ్లు, విద్యుత్తు మీద పెట్టిన కంపెనీ. అపార్ట్‌మెంట్లకు దానితో సంబంధం తక్కువ. కానీ అప్పట్లో చాలా ఎన్‌బీఎఫ్‌సీలు మ్యూచువల్ ఫండ్ల దగ్గర మూడు నెలల కాగితాల మీద అప్పు తెచ్చి, బిల్డర్లకు నాలుగైదేళ్ల ప్రాజెక్టుల మీద ఇస్తుండేవి. మూడు నెలలకోసారి పాత కాగితం తీసి కొత్తది రాస్తేనే ఆ బండి నడుస్తుంది. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ తర్వాత ఫండ్లు కొత్త కాగితం రాయనన్నాయి. 2019లో గృహరుణాల కంపెనీ డీహెచ్ఎఫ్ఎల్ కూలింది. ఎన్‌బీఎఫ్‌సీ నుంచి తర్వాతి విడత రాక బిల్డరు శ్లాబు ఆపాడు. శ్లాబు పడలేదు కాబట్టి కొన్నవాళ్ల నుంచి వాయిదా అడిగే హక్కు లేదు. వాయిదా రాక కాంట్రాక్టరుకు బిల్లు లేదు. కాంట్రాక్టరు గుంపు మేస్త్రీకి చెప్పాడు, పాలమూరు నుంచి, రాయలసీమ నుంచి వచ్చిన కూలీలు వెనక్కి బస్సెక్కారు. సిమెంటు, స్టీలు, టైల్సు, పెయింటు, లిఫ్టులు, ప్లైవుడ్డు ఆర్డర్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. కొన్నవాళ్లు ఒక చేత్తో అద్దె, ఇంకో చేత్తో ఈఎంఐ కడుతూ కారు కొనడం వాయిదా వేశారు. 2019లో కార్ల అమ్మకాలు పడిపోతే ఓలా, ఉబర్ల వల్ల అన్నారు. నాకు ఆ వివరణ ఎప్పుడూ సరిపోలేదు.

2019 నవంబరులో ఆగిపోయిన ఇళ్ల కోసం 25,000 కోట్ల నిధి ప్రకటించినప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క 1,600కు పైగా ప్రాజెక్టులు, 4 లక్షల 58 వేల ఇళ్లు. ఒక్కో ఇంటి మీద సగటున 30 లక్షలు ఇరుక్కున్నాయని వేసుకున్నా లక్షా 37 వేల కోట్లు అవుతుంది. ఈ డబ్బు ఎవరి దగ్గరా లేదు. ఎవరికీ వడ్డీ సంపాదించడం లేదు, సరుకు కొనడం లేదు, ఫ్యాక్టరీ పెట్టడం లేదు. నోయిడాలో ఆమ్రపాలి అనే బిల్డరు సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2019 జూలై 23న కోర్టు ఆ బిల్డరు రెరా (ఇళ్ల ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రద్దు చేసి పని ప్రభుత్వ నిర్మాణ కంపెనీ ఎన్‌బీసీసీకి అప్పగించింది. 40,000కు పైగా కుటుంబాల ఇళ్లు పూర్తిచేయడానికి దేశంలో పెద్దకోర్టే కాంట్రాక్టర్ల బిల్లులు చూడాల్సి వచ్చింది.

మిగతా దేశాలతో పోల్చితే మన తీరు ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది. అమెరికాది వేగం. ధర పడింది, లీమన్ బ్రదర్స్ బ్యాంకు 2008 సెప్టెంబరు 15న కూలింది, 2009 అక్టోబరుకు నిరుద్యోగం 10 శాతం తాకింది, 2012 నుంచి ధరలు లేచాయి. ఐర్లండ్‌లో ధరలు సగానికి పడ్డాయి. 2008 సెప్టెంబరులో ప్రభుత్వం పెద్ద బ్యాంకుల అప్పుల్లో దాదాపు అన్నిటికీ పూచీ పడింది. రెండేళ్లకే ఆ ప్రభుత్వమే 67.5 బిలియన్ యూరోల బయటి సాయానికి చేయి చాచింది. జపాన్ మాత్రం నిదానం. సెంట్రల్ బ్యాంకు వడ్డీని 1989 మే నుంచి 1990 ఆగస్టులోపు 2.5 నుంచి 6 శాతానికి పెంచింది. స్థలాల ధరలు 1991 తర్వాత దాదాపు పదిహేనేళ్లు ఏటా కొంచెం కొంచెం దిగాయి. బ్యాంకులు పాడైన అప్పును పాడైందని ఒప్పుకోలేదు. పాత వడ్డీ కట్టడానికి కొత్త అప్పు ఇచ్చి పుస్తకం శుభ్రంగా ఉంచుకున్నాయి. చివరికి 1997 నవంబరులో హొక్కైడో తకుషోకు బ్యాంకు, యమైచీ సెక్యూరిటీస్ ఒకే నెలలో పడ్డాయి. అక్కడి షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబరు నాటి శిఖరాన్ని మళ్లీ అందుకోవడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది.

మనది జపాన్ దారికి దగ్గర. ధర దించకుండా సాగదీయడం మన పద్ధతి కూడా. ఒక విషయంలో మాత్రం వాళ్లకంటే నయం: గృహరుణం మీద విలువలో 75 నుంచి 90 శాతం అన్న పరిమితి, స్థలానికి బ్యాంకు అప్పు లేకపోవడం, దశల వారీ చెల్లింపు. ఈ మూడింటి వల్ల బ్యాంకులు ఒకేసారి మునగవు. చైనాలో కొన్నవాళ్ల లోను ముందే మొత్తం బిల్డరుకు వెళ్లిపోయేది. 2020 ఆగస్టులో ప్రభుత్వం బిల్డర్ల అప్పు మీద మూడు ఎర్రగీతలు గీసింది. 300 బిలియన్ డాలర్లకు పైగా బకాయిలున్న పెద్ద బిల్డరు ఎవర్‌గ్రాండ్ 2021 డిసెంబరులో ఎగ్గొట్టింది, 2022లో ఆగిన టవర్లలో ఇళ్లు కొన్నవాళ్లు ఈఎంఐ కట్టబోమన్నారు. 2024 జనవరి 29న హాంకాంగ్ కోర్టు ఎవర్‌గ్రాండ్‌ను మూసేయమంది. అక్కడ స్థానిక ప్రభుత్వాలు స్థలాలమ్మి బతికేవి కాబట్టి వాటి ఖజానాలు కూడా ఎండిపోయాయి.

ఆ చివరి మాట దగ్గర తెలుగువాళ్లం కాస్త ఇబ్బందిగా కదలాలి. 2023 ఆగస్టులో హైదరాబాద్ కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ప్రభుత్వం గర్వంగా ప్రకటించుకుంది, పేపర్లు మొదటి పేజీలో వేశాయి. ఆ రేటుకు కొన్నవాడు ముప్పై, నలభై అంతస్తులు లేపి కోట్లలో అమ్మితే తప్ప గిట్టదు. ధర పెరిగితే వేలంలో ఆదాయం, రిజిస్ట్రేషన్‌లో ఆదాయం. ఇలాంటి ప్రభుత్వం ధరలను అదుపు చేస్తుందని నేననుకోను. అమరావతి ఇంకో రకం పాఠం. 2015లో రైతులు 33,000 ఎకరాలకు పైగా పూలింగ్‌కిచ్చాక చుట్టూరా ధరలు ఎగిరాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాడు మాయమయ్యాడు. చాలామంది సొంత డబ్బుతోనే కొన్నారు కాబట్టి ఏ బ్యాంకూ కదల్లేదు. నష్టం ఇళ్లలోనే ఉండిపోయింది, ఆగిన పెళ్లిళ్లుగా, కట్టలేని కాలేజీ ఫీజులుగా.

బెంగళూరు వైపు నుంచి వచ్చే ఎదురు వాదన గట్టిదే: ఇక్కడ ఉద్యోగాలున్నాయి, గిరాకీ నిజం. ఒప్పుకుంటాను. టోక్యోలో కూడా గిరాకీ నిజమే. ఇక్కడి గిరాకీలో పెద్ద భాగం ఒకే పరిశ్రమ జీతాల మీద నిలబడి ఉందన్నది నా భయం. మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో ఉండే ఐటీ ఉద్యోగికి జీతం, ఈఎంఐ, ఫ్లాటు ధర, అద్దెకుండేవాడి జీతం నాలుగూ ఒకే కొమ్మకు వేలాడుతున్నాయి. ఉద్యోగం పోయిన నెలలోనే ఫ్లాటు అమ్ముడుపోవడం కష్టమవుతుంది. పైగా బ్యాంకుల నుంచి తెచ్చే మన గృహరుణాలు ఎక్కువగా రెపోకు, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటుకు, కట్టినవి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరిలోపు రెపో 4 నుంచి 6.5కి వెళ్లింది. 6.7 శాతానికి ఇరవై ఏళ్ల లోను తీసుకున్నవాడికి ఏడాది తిరిగేసరికి 9.2 అయితే, అదే ఈఎంఐతో అప్పు తీరడానికి ఇంకా నలభై ఏళ్లకు పైనే పడుతుంది. కట్టేదంతా దాదాపు వడ్డీకే. ఈఎంఐ మారలేదని సంతోషించినవాళ్లు లోను స్టేట్‌మెంటులో మిగిలిన నెలల గడి చూసుంటే తెలిసేది.

కొనదలచుకున్నవాళ్లు చూడాల్సినవి ఇవి. కర్ణాటక రెరా సైట్‌లో ప్రాజెక్టు పేరు కొడితే మూడు నెలలకోసారి బిల్డరు పెట్టే నివేదిక ఉంటుంది. అందులో అమ్ముడైన ఫ్లాట్ల శాతాన్ని, పని జరిగిన శాతాన్ని పక్కపక్కన పెట్టండి. 80 శాతం అమ్మి 30 శాతమే కట్టి ఉంటే మిగతా పనికి డబ్బు ఎక్కడిదని అడగాలి. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలని చట్టం. అయితే అది కట్టుబడికీ, స్థలం ఖరీదుకూ రెండిటికీ. స్థలం ఖరీదు ఎక్కువ చూపించినకొద్దీ కట్టుబడికి మిగిలేది తగ్గుతుంది. అమ్మకం ఒప్పందం రిజిస్టరు కాకముందు 10 శాతానికి మించి అడగడం చట్టవిరుద్ధం. రెరా నంబరు రాకముందే "ఈఓఐ" (కొనే ఆసక్తి ఉందని తెలిపే పత్రం) పేరుతో చెక్కు అడిగితే అదీ అంతే. ఆ చెక్కులతో అతను స్థలానికి అడ్వాన్సు కడుతున్నాడు, అంటే మీరు వడ్డీ లేని అప్పిస్తున్నారు. కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో బిల్డరు కంపెనీ మీదున్న తాకట్లు కనిపిస్తాయి. అక్కడ ఎన్‌బీఎఫ్‌సీ పేరో డిబెంచర్ ట్రస్టీ (బిల్డరు బాండ్లు కొన్నవాళ్ల ప్రతినిధి) పేరో ఉంటే, మీ ఫ్లాటు నంబరు వేసి వాళ్లిచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా డబ్బు కట్టొద్దు. ఇక పూర్తయిన పక్క ప్రాజెక్టు దగ్గరికి రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్లి వెలిగిన కిటికీలు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు లెక్కపెట్టండి. అమ్ముడైంది 95 శాతం అని చెప్పి సగం కిటికీలు చీకటిగా ఉంటే అక్కడ కొన్నది కాపురాలకు కాదు. మీరు తాళాలు తీసుకున్న నెలలో వాళ్లందరూ మీతోపాటే అమ్మకానికి పెడతారు.

ప్రభుత్వం చేయాల్సింది నా లెక్కలో రెండు పనులు, రెండూ ఖర్చులేనివి. గైడెన్స్ విలువకు ముడిపెట్టిన ఆ 10 శాతాన్ని శాశ్వతంగా 20 చేయాలి, కనీసం బ్యాంకు ద్వారా మొత్తం సొమ్ము చెల్లించిన అమ్మకాలకు. రెండోది, కర్ణాటక రిజిస్ట్రేషన్ సైట్ కావేరీలో రిజిస్టరయ్యే ప్రతి అమ్మకం ధరను ప్రాజెక్టు పేరుతో, అడుగు లెక్కన, కొన్నవాళ్ల పేర్లు తీసేసి, బిల్డరు ఇచ్చిన ఉచితాల విలువను ఇంకో గడిలో రాయించి బయట పెట్టాలి. ఈ రెండో పనికి బిల్డర్లకంటే ముందు వాళ్లకు అప్పులిచ్చిన కంపెనీలు అడ్డం పడతాయి. ఆ గడి నిండిన మరుసటి త్రైమాసికంలో వాటి తాకట్ల విలువ మళ్లీ లెక్కగట్టాల్సి వస్తుంది.